ఆటోమేటిక్ పీకేసి గేరు రాడ్డు పెట్టుకోమంటారా?

ప్రశ్న: నమస్కారమండీ. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల క్రితం ఒక పెద్దాయన దగ్గర 1994 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాను. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, టూ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్. ఇంజినుకు వంక పెట్టడానికి లేదు. కానీ రెండు నెలలుగా రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిను ఊరికే అరుస్తుంది, బండి అందుకోదు. ఓవర్‌డ్రైవ్ దీపం మిణుకు మిణుకుమంటోంది. గ్యారేజీకి తీసుకెళ్తే ఏమీ విప్పి చూడకుండానే మొత్తం రీబిల్డ్ చేయాలి, 3,200 డాలర్లు అవుతుంది అన్నారు. తుక్కు యార్డులో ఇదే మోడల్ మాన్యువల్ గేర్‌బాక్స్ 350 డాలర్లకు ఉంది. నేను బండి నేర్చుకున్నదే ప్రొద్దుటూరు దగ్గర మా నాన్నగారి మహీంద్రా జీపు మీద. మాన్యువల్ పెడితే మైలేజీ కూడా పెరుగుతుందని ఆఫీసులో ఒక స్నేహితుడు అంటున్నాడు. మా ఆవిడకు మాన్యువల్ రాదు. వారాంతాల్లో సామాన్లకీ, ఏడాదికి నాలుగైదుసార్లు చిన్న ట్రైలర్ లాగడానికీ తప్ప ఈ బండి పెద్దగా వాడం. మార్చేయమంటారా?

సమాధానం: ముందు ఆ మిణుకుమనే దీపం సంగతి చూద్దామండీ. మిగతావన్నీ తర్వాత.

మీ బండిలో ఉన్నది ఈ4ఓడీ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ అనుకుంటున్నాను. ఫోర్డ్ వాళ్ల పాత సీ6 గేర్‌బాక్సుకు ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిను నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేరు), కంప్యూటర్ అదుపు చేర్చి 1989లో తెచ్చిన పెట్టె అది. గేరు ఎప్పుడు మారాలో, లోపల ఆయిల్ ప్రెషరు ఎంత ఉండాలో ఇంజిను కంప్యూటరే చెబుతుంది. ఆ కంప్యూటర్‌కు ఏదో తేడా కనిపించినప్పుడు ఓవర్‌డ్రైవ్ దీపాన్ని అలా ఆర్పి వెలిగిస్తుంది. అంటే మీ బండి రెండు నెలలుగా తన జబ్బు పేరు చెబుతూనే ఉంది, అడిగిన వాళ్లే లేరు. విప్పకుండా, కోడ్ చదవకుండా 3,200 చెప్పిన గ్యారేజీ మాట కాసేపు పక్కన పెట్టండి.

1994 బండి కాబట్టి ఇప్పటి కార్లలాగా డాష్‌బోర్డు కింద స్కానర్ పెట్టే పాయింటు ఉండదు. బానెట్ కింద ఒక టెస్ట్ కనెక్టర్ ఉంటుంది. దానిలో ఒక పిన్నుకూ, పక్కనే ఉండే ఒంటి వైరు కనెక్టరుకూ మధ్య చిన్న వైరు ముక్క కలిపి తాళం ఆన్ చేస్తే, చెక్ ఇంజిన్ దీపం మూడంకెల కోడ్లను మిణుకులుగా కొడుతుంది. ఆరు మిణుకులు, ఆగి మూడు, ఆగి నాలుగు వస్తే 634. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి, తొందరపడితే లెక్క తప్పుతుంది. 621, 622 వస్తే గేర్లు మార్చే సోలెనాయిడ్ల (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వుల) సర్క్యూట్. 628 అయితే టార్క్ కన్వర్టర్ (ఇంజిను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది) లోని క్లచ్ జారుతోందని. 634 అయితే గేరు లివర్ ఏ స్థానంలో ఉందో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్. ఈ చివరిది గేర్‌బాక్సుకు బయటే, పక్కన రెండు బోల్టులతో ఉంటుంది. లోపలికి నీళ్లు దూరి పాడవడం దీనికి మామూలు రోగం. దీని పిచ్చి సంకేతాలకే గేర్లు ఇష్టమొచ్చినట్టు మారి, బండి పనయిపోయిందని జనం అనుకున్న సందర్భాలు చాలా చూశాను. ఒక్క మధ్యాహ్నంలో మీరే మార్చుకోవచ్చు.

ఆ తర్వాత గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అదే పాన్, విప్పండి. ఆయిల్ ఎర్రగా ఉండి, అడుగున అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి పొడి మాత్రమే అంటుకుని ఉంటే ఆశ ఉంది. నల్లగా మారి మాడు వాసన కొడుతూ, వేలికి రేకుల్లాంటి ముక్కలు తగిలితే లోపలి క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే. అప్పుడు గ్యారేజీ వాళ్లు చెప్పింది నిజమే అవుతుంది. మీరడిగిన ప్రశ్న మొదలయ్యేది అక్కడ.

నిజంగానే పోయిందనుకుందాం. మాన్యువల్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. మీ బండికి ఇది కొత్త ప్రయోగం కాదు. అదే ఏడాది, అదే 4.9 ఇంజినుతో ఫ్యాక్టరీ నుంచే అయిదు గేర్ల మాన్యువల్ ఎఫ్-150లు వచ్చాయి. ఆ గేర్‌బాక్స్ పేరు ఎం5ఓడీ-ఆర్2. రూపకల్పన మాజ్దా వాళ్లది. కాబట్టి మీకు కావలసిన ప్రతి ముక్కా ఎక్కడో ఒక ఫోర్డ్ బండిలో ఉంది, లేతు పట్టించి కొత్తగా చేయించాల్సింది దాదాపు ఉండదు. పైగా 4.9 ఆరు సిలిండర్ల ఇంజిను మొండి ఘటం. 1965 నుంచి 1996 దాకా వచ్చిన ఇంజిను అది. టైమింగ్ చైను కూడా ఉండదు, గేర్ల మీదే నడుస్తుంది. దాని బలమంతా తక్కువ ఆర్‌పీఎంలోనే ఉంటుంది కాబట్టి మాన్యువల్‌కు చక్కగా అమరుతుంది.

చిక్కంతా ఆ 350 డాలర్ల దగ్గరే ఉంది. గేర్‌బాక్స్ ఒక్కటే తెచ్చుకుంటే పెళ్లికి మంగళసూత్రం మాత్రమే కొనుక్కొచ్చినట్టు. ఇంకా ఏం కావాలో చెబుతాను, వినండి.

ఆటోమేటిక్‌కు ఇంజిను వెనక పల్చటి ఫ్లెక్స్‌ప్లేట్ ఉంటుంది. దాన్ని తీసి బరువైన ఫ్లైవీల్ పెట్టాలి. దాని బోల్టులు వేరు, ఫ్లెక్స్‌ప్లేట్‌వి పొట్టివి, అవి వాడకూడదు. ఫ్లైవీల్ కూడా ఈ ఆరు సిలిండర్ల ఇంజినుదే కావాలి. ఫోర్డ్ 5.0, 5.8 వీ8 ఇంజిన్లకీ దీనికీ గేర్‌బాక్స్ బిగించే బోల్టు కన్నాలు ఒకటే, అందుకే యార్డుల్లో కలిపేస్తారు. బ్యాలెన్స్ మాత్రం వేరు, వీ8ది పెడితే ఇంజిను వణికి వణికి బేరింగులు తినేస్తుంది. క్రాంక్ చివర పైలట్ బేరింగ్ అని ఒక చిన్నది ఉండాలి, ఆటోమేటిక్ బండిలో అది ఉండదు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు సరే సరి. ఇంజినుకీ గేర్‌బాక్సుకీ మధ్య సన్నటి రేకు ఒకటి ఉంటుంది, అది కూడా మాన్యువల్‌దే కావాలి. స్టార్టరు కూడా మాన్యువల్ బండిదే పెట్టుకోండి, దాని పళ్లు ఎంత ముందుకొచ్చి అందుకోవాలన్నది రెండింటికీ ఒకటి కాదు. ఛాసిస్‌కు అడ్డంగా గేర్‌బాక్సును మోసే క్రాస్‌మెంబర్, దాని మౌంటు. ఈ4ఓడీ పొడుగు, ఎం5ఓడీ పొట్టి కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మారుతుంది. గేరు రాడ్డు పైకి రావడానికి నేలలో కన్నం, దాని మీద రేకు, రబ్బరు బూటు. క్లచ్ పెడల్, బ్రేకు పెడల్ కలిసి ఉన్న పెడల్ సెట్టు. క్లచ్ మాస్టర్ సిలిండరు, దాని పైపు, ఆయిల్ డబ్బా. మాన్యువల్ బండి కంప్యూటరు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతికి కొనడం మొదలుపెడితే మూడు నెలలు మీ బండి స్టాండ్ల మీదే ఉంటుంది, మీ ఆవిడ గ్యారేజీ వైపు చూడడం మానేస్తారు. నా సలహా ఒకటే. గేర్‌బాక్స్ కొనకండి, బండి కొనండి. 1992-95 మధ్యది, 4.9 ఇంజినుది, టూ వీల్ డ్రైవ్, మాన్యువల్ అయిన ఒక తుక్కు బండి. ముందు భాగం గుద్దుకున్నదైనా, తలుపులు తుప్పు పట్టినదైనా, టైటిల్ (యాజమాన్య పత్రం) పనికిరానిదైనా ఫరవాలేదు. వీలైతే ఒకసారి నడిపి చూసి కొనండి. అన్ని గేర్లూ పడుతున్నాయా, మూడులోకి వేసేటప్పుడు గీరుతోందా, కాలు తీస్తే గేరు ఎగిరిపోతోందా చూసుకోవచ్చు. యార్డులో అరలో పెట్టిన గేర్‌బాక్సుకు ఆ పరీక్ష లేదు. ముక్కలన్నీ ఒక బండివే అయితే "ఇది దానికి సరిపోతుందా" అన్న ప్రశ్నే రాదు. పైగా ప్రతి బోల్టు ఎక్కడిదో, ప్రతి వైరు ఏ దారిన వెళ్లిందో చూసుకోవడానికి పక్కనే నమూనా ఉంటుంది. పనయ్యాక మిగిలినది అమ్మేస్తే కొంత వెనక్కి వస్తుంది. మీ పాత ఈ4ఓడీని కూడా రీబిల్డ్ చేసేవాళ్లు కొంటారు, పారేయకండి.

ఇప్పుడు నేను దెబ్బ తిన్న చోటు. ఎం5ఓడీలో క్లచ్ స్లేవ్ సిలిండరు (పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) గేర్‌బాక్స్ బయట ఉండదు. హౌసింగ్ లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉంగరంలా కూర్చుని ఉంటుంది. అది కారితే మొత్తం గేర్‌బాక్స్ దించాల్సిందే. నేను నా బండికి ఈ పని చేసినప్పుడు పాత స్లేవ్ శుభ్రంగానే కనబడింది, కారడం లేదు, ఎందుకు మార్చాలి అని పీనాసితనానికి పోయాను. నాలుగు నెలలు తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున పెడల్ నేలకు అంటుకుపోయింది. మళ్లీ షాఫ్ట్ విప్పి, క్రాస్‌మెంబర్ విప్పి, అంతా మొదటి నుంచీ. కాబట్టి గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే స్లేవ్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఫ్లైవీల్ పక్కన ఇంజిను వెనక ఆయిల్ సీలు అన్నీ కొత్తవి వేసేయండి. ఫ్లైవీల్‌ను మెషిన్ షాపులో ఒకసారి ఫేస్ పట్టించండి.

అదే సమయంలో గేర్‌బాక్స్ పై మూత వెనక వైపు చూడండి. గేర్లు మార్చే రాడ్ల కన్నాలకు మూడు రబ్బరు బిరడాలు ఉంటాయి. వయసు మీద పడేసరికి అవి గట్టిపడి ఆయిల్ కారుస్తాయి. ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే కారేది గేర్‌బాక్స్ నెత్తి మీద. ఆయిల్ తగ్గిపోయి లోపల బేరింగులు మాడాక గానీ తెలియదు. 350 డాలర్లకు యార్డులో దొరికే ఎం5ఓడీల్లో చాలావాటి కథ ఇదే అని నా అనుమానం. బల్ల మీద ఉన్నప్పుడే ఆ రబ్బరువి పీకి లోహపు బిరడాలు కొట్టేయండి. అయిదు నిమిషాల పని.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మనవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. మన ఊళ్లో గేర్‌బాక్స్ అనగానే చెయ్యి చిక్కటి తొంభై నంబరు గేర్ ఆయిల్ డబ్బా మీదికి వెళ్తుంది. మీ నాన్నగారి జీపుకు అదే పోసి ఉంటారు. ఎం5ఓడీలో అది పోయకూడదు. దానికి ఆటోమేటిక్‌లో పోసే ఎర్ర ఆయిలే, మెర్కాన్ ఏటీఎఫ్, నాలుగు క్వార్టులకు కాస్త తక్కువ పడుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే చలికాలం పొద్దున్నే గేర్లు పడవు, సింక్రోలు (గేర్లు గీరకుండా కలిపే ఉంగరాలు) అరిగిపోతాయి.

క్లచ్ పెడల్ దగ్గర ఇంకొకటుంది. ఆ తరం ఎఫ్-150ల ఫైర్‌వాల్ (ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రేకు పల్చన. మాస్టర్ సిలిండర్ బిగించిన చోట, పెడల్ తొక్కినప్పుడల్లా రేకు ఊగి ఊగి కొన్నేళ్లకు చీలుతుంది. తుక్కు బండిలో అక్కడ చీలిక ఉందో లేదో చూడండి, ఆశ్చర్యపోతారు. మీ బండి ఇన్నాళ్లూ ఆటోమేటిక్ కాబట్టి అక్కడి రేకు ఇంకా గట్టిగానే ఉండి ఉంటుంది. పెడల్ సెట్టు పెట్టేటప్పుడే వెనక ఒక మందపాటి ప్లేటు బిగించండి, ఇందుకోసమే చేసినవి అమ్ముతారు. పెడల్ ఇరుసులో బుషింగులు కూడా కొత్తవి వేయండి. అవి అరిగితే పెడల్ సగం ప్రయాణం గాల్లోనే పోతుంది, క్లచ్ పూర్తిగా విడదు, మనం గేర్‌బాక్సును తిట్టుకుంటాం.

క్లచ్ పైపులో గాలి తీయడం విసుగు పుట్టిస్తుంది. మాస్టర్ సిలిండర్ బండిలో ఏటవాలుగా కూర్చుంటుంది, గాలి బుడగ దాని పై మూలకు చేరి కదలదు. బిగించకముందే చేతిలో పట్టుకుని, ఒంచి, గాలి తీసి అప్పుడు పెట్టండి. లేకపోతే సాయంత్రం దాకా తొక్కుతూనే ఉంటారు.

కరెంటు పని అనగానే టెన్షన్ పడొద్దు, అనుకున్నంత లేదు. పాత కంప్యూటరు అలాగే ఉంచితే లేని సోలెనాయిడ్ల కోసం వెతుకుతూ దీపాలు వెలిగిస్తూనే ఉంటుంది. తుక్కు బండి కంప్యూటరు పెట్టండి, దాని ప్లగ్గు కూడా మీ బండిలాగే 60 పిన్నులదేనా అని ముందే చూసుకోండి. ఇంజిను ఒకటే అయితే చాలదు, పొగ నియంత్రణ సామాను కూడా రెండు బండ్లలో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ప్లగ్గులో 30వ పిన్ను గుర్తు పెట్టుకోండి. ఆటోమేటిక్‌లో దానికి గేరు లివర్ సెన్సర్ నుంచి సంకేతం వస్తుంది, మాన్యువల్‌లో క్లచ్ వైపు స్విచ్చి నుంచి రావాలి. స్టార్టర్ వైరు ఇదివరకు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే పనిచేసేది, ఇప్పుడు క్లచ్ తొక్కితేనే పనిచేసేట్టు కలపాలి. కొందరు ఆ రెండు వైర్లూ ముడేసి వదిలేస్తారు. మీరు అలా చేయకండి. గేరులో ఉన్న బండికి పిల్లాడెవడైనా తాళం తిప్పితే ముందుకు దూకుతుంది. రివర్స్ దీపాల వైర్లు గేర్‌బాక్స్ మీద ఉన్న స్విచ్చికి మార్చుకోండి. స్పీడోమీటర్‌కు మాత్రం మీరు చేయవలసింది ఏమీ లేదు. 1992 నుంచి ఈ బండ్లలో వేగం లెక్క వెనక డిఫరెన్షియల్ మీద ఉన్న సెన్సర్ నుంచి వస్తుంది, గేర్‌బాక్సుతో పని లేదు. రేడియేటర్‌కు వెళ్లే రెండు ఆయిల్ పైపులు తీసేసి కన్నాలు మూసేస్తే సరి.

స్టీరింగ్ పక్కన ఉండే గేరు లివర్ ఒకటి మిగులుతుంది. పాత కాలమ్ అలాగే ఉంచుకుంటే లివర్ పార్క్‌లో పెడితే తప్ప తాళం బయటికి రాదు. తుక్కు బండి కాలమ్ మార్చుకోవచ్చు, కానీ 1994 నుంచి ఈ బండి స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది. బ్యాటరీ వైరు తీసి, చాలాసేపు ఆగకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఈ ఒక్క పని తెలిసినవాళ్లతో చేయించినా తప్పు లేదు.

మైలేజీ విషయంలో మీ స్నేహితుడు చెప్పింది నమ్మకండి. ఈ4ఓడీ చివరి గేరు నిష్పత్తి 0.71. ఎం5ఓడీది 0.80. మీ బండి వెనక ఇరుసు 3.55, టైర్లు 235/75ఆర్15 అనుకుంటే, 70 మైళ్ల వేగంలో ఇప్పుడు ఇంజిను సుమారు 2,050 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. మాన్యువల్ పెట్టాక అదే వేగానికి దాదాపు 2,300. పైగా ఈ4ఓడీలో టార్క్ కన్వర్టర్ హైవే మీద లాక్ అవుతుంది కాబట్టి అక్కడ జారుడు నష్టం కూడా లేదు. ఊళ్లో సిగ్నళ్ల మధ్య కొంచెం కలిసి రావచ్చు. హైవే మీద పెరగదు, తగ్గినా ఆశ్చర్యం లేదు.

ట్రైలర్ గురించి కూడా ఒక మాట. మాన్యువల్ అంటే బలం ఎక్కువని మనకో నమ్మకం, మన లారీలన్నీ అలా నడిచాయి కాబట్టి. ఈ బండ్ల విషయంలో తిరగబడుతుంది. ఓనర్స్ మాన్యువల్‌లో లాగే బరువుల పట్టిక చూడండి, ఎం5ఓడీ ఉన్న బండికి రాసిన అంకె ఆటోమేటిక్ కంటే తక్కువ ఉంటుంది. మొదటి గేరు 3.90 వినడానికి పెద్దదే, కానీ ఆటోమేటిక్‌లో 2.71తో పాటు టార్క్ కన్వర్టర్ కూడా బండి కదిలేటప్పుడు లాగుడు పెంచుతుంది. చెరువు గట్టు మీద పడవ ట్రైలర్ వెనక్కి తీసుకుంటే కాలేది మీ క్లచ్ ప్లేటే. చిన్న ట్రైలర్, ఏడాదికి నాలుగైదుసార్లు అంటున్నారు కాబట్టి చాలు. పెద్ద బరువులు లాగే ఉద్దేశం ఉంటే మాత్రం ఎఫ్-250లో వచ్చే జెడ్‌ఎఫ్ అయిదు గేర్ల పెట్టె వైపు చూడాలి, అది వేరే లెక్క, వేరే ఖర్చు.

ప్రభుత్వం వైపు నుంచి టెక్సస్‌లో మీకు పెద్ద అడ్డంకి లేదు. సొంత వాడకం బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి తీసేశారు. మీ వైపు జిల్లాల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది కానీ అది 24 ఏళ్ల వయసు దాకా ఉన్న బండ్లకే, మీది దాటిపోయింది. కాలిఫోర్నియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మాత్రం ముందు అక్కడి స్మాగ్ అధికారులను అడిగి అప్పుడు రెంచి పట్టుకోండి, అక్కడ 1976 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకు, మరీ కొత్తవి తప్ప, పరీక్ష ఉంది.

ఖర్చు చెప్పమంటే, ఆ 350 గేర్‌బాక్స్ రోడ్డెక్కేసరికి 1,500 దాటుతుందని నా లెక్క, అదీ కూలీ మీరే అయితే. పని వేరేవాళ్లతో చేయిస్తే 3,200కు దగ్గర్లోకి వచ్చేస్తారు. అలాంటప్పుడు ఆటోమేటిక్‌నే బాగు చేయించుకోవడం తెలివి. ఈ మార్పిడి లాభం కోసం చేసేది కాదు. గేరు రాడ్డు పట్టుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు చేసుకునేది. మీ ఉత్తరంలో జీపు మాట రాసిన తీరు చూస్తే మీకు ఆ కోరిక ఉందని తెలుస్తోంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు, ఖాతాలో మాత్రం "మైలేజీ" అని రాసుకోకండి.

మీ ఆవిడగారిని అడిగారా? ఇంట్లో ఆమె నడపడానికి ఇంకో కారు ఉంటే సమస్య లేదు. ఆమె నేర్చుకుంటానంటే, ఈ ఇంజిను నేర్చుకోవడానికి భలే మంచిది, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదిలినా ముందుకు పాకుతుంది. నేర్పేది మాత్రం మీరు కాకుండా చూసుకోండి. మా ఇంట్లో ఆ ప్రయత్నం జరిగింది, వివరాలు వద్దు.

ఒక హెచ్చరిక. ఈ4ఓడీ రెండు వందల పౌండ్లకు పైనే బరువు. ఛాతీ మీద మోసి దించేది కాదు. గేర్‌బాక్స్ జాకీ అద్దెకు తెచ్చుకోండి. బండిని ఎప్పుడూ ఉత్త జాకీ మీద వదిలి కిందికి దూరకండి, నాలుగు స్టాండ్లు వేయండి, చదునైన కాంక్రీటు మీద. దించేముందు టార్క్ కన్వర్టర్‌కు ఉన్న డ్రెయిన్ బోల్టు తీసి ఆయిల్ వంచేస్తే కొంత బరువు తగ్గుతుంది, మీ మొహమ్మీద పడే ఆయిల్ కూడా తగ్గుతుంది. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

అన్నిటికంటే ముందు, ఈ శనివారం ఆ వైరు ముక్క పెట్టి కోడ్లు చదవండి. ఏ అంకెలు వచ్చాయో, పాన్‌లో ఆయిల్ ఏ రంగులో ఉందో నాకు రాయండి. 634 ఒక్కటే వస్తే తుక్కు బండి బేరం అప్పుడే మొదలుపెట్టకండి.